ముళ్ళవంకాయల మావుసి

ఆమె పోయిందని నాకు చెప్పింది బజారు గేటు దగ్గర మునగాకు అమ్ముకునే ఒడియా ఆవిడ. నేను సంచీ పట్టుకుని, ఆవిడ పక్కనున్న ఖాళీ జాగా కేసి చూస్తుంటే అడగకముందే చెప్పేసింది. "మావుసి చాలిగలా" అంది. నేను పలక్కపోయేసరికి అర్థం కాలేదనుకుందో ఏమో, వచ్చీరాని తెలుగులో మళ్ళీ చెప్పింది. "రంభ ఊరిలో. కూతురి ఇల్లు. జొరం. పది దినం అయింది."

ఆ పది రోజుల్లో నేను రెండుసార్లు బజారుకు వెళ్ళాను. వానలు కదా, కూతురి దగ్గరికి వెళ్ళి ఉంటుందనుకుని వేరేచోట కూరలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాను. వండించుకుని తిన్నాను కూడా.

ఆమె అసలు పేరు నాకు తెలుసు. ఒకప్పుడు ఆఫీసు ఫారం మీద ఆ పేరు నా చేత్తోనే రాశాను. ఇక్కడ మాత్రం రాయను. బజార్లో ఆమెను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఒడియావాళ్ళు మావుసి అనేవారు, అంటే పిన్ని. మా తెలుగువాళ్ళం దానికి ముందు ఆమె పండించే కాయల్ని తగిలించి, ముళ్ళవంకాయల మావుసి అన్నాం.

నేను బరంపురంలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఆమె పెద్దబజారు సందు మొదట్లో, ఎప్పుడూ మూసే ఉండే ఒక కొట్టు మెట్ల పక్కన కూర్చునేది. పాత్రపూర్ దగ్గర ఊరు. వారానికి మూడు రోజులు తొలి బస్సులో వచ్చేది. రెండు గంపలు బస్సు మీద, ఒక చిన్న గంప ఒళ్ళో. ఒళ్ళోవి వంకాయలు. వాటిని మాత్రం బస్సు మీదికి ఎక్కనిచ్చేది కాదు. "పైన పడీసినామంటే ఒకదాని ముల్లు ఒకదానికి గుచ్చుకుంటాది బాబూ. మజ్జానానికల్లా నల్లబడిపోతాయి" అనేది. దారిపొడుగునా ఆ ముళ్ళు ఆమె ముంజేతులకే గుచ్చుకునేవి. గీతలు గీతలుగా ఉండేవి ఆ చేతులు. అవి ఆమెకు పట్టేవి కావు.

ఆమె దగ్గర కూర కొనడం అంత తేలికైన పని కాదు. ముందు పరీక్షలో నెగ్గాలి.

"ఏటి ఒండుతావు?"

"వంకాయ పులుసు."

"పులుసుకా? ఇయి నేతవి. పులుసులో ఏస్తే కరిగిపోతాయి. ఇయి కారం కూరి ఏపుకో. పులుసుకైతే బుధవారం రా, ముదురుకాయ తెస్తాను."

పులుసే కావాలని పట్టుబట్టినవాళ్ళకి అమ్మేది కాదు. తర్వాత ప్రశ్న, "ఎంతమంది తింటారు?" ఒంటరిగా ఉండే నేను ఒకసారి బింకంగా కిలో అడిగితే, అందులో సగం తీసి గంపలో వేసుకుంది. "మిగిల్తే పారెత్తావు. నాకు తెల్దేటి." పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. తాను పెంచిన కాయ చెత్తకుప్పలోకి పోవడం ఆమెకు నిజంగానే బాధ.

మొక్కల గురించి ఇంట్లో మనుషుల గురించి చెప్పినట్టే చెప్పేది. ఒకసారి ఆనపకాయలు తేలేదేమని అడిగితే, "ఆనప్పాదు అలిగింది" అంది. ఎందుకట? "మొన్న ఓన కురిసింది సూడు, ముందో మాటైనా సెప్పకండా కురిసీసింది. ఆ కోపం దానికి." రెండు వారాలయ్యాక ఆనపకాయలు వచ్చాయి. "ఏం, అలక తీరిందా?" అన్నాను. "తీర్సుకోకేటి సేత్తాది, అది నా ఇల్లొదిలి ఎక్కడికి పోతాది" అంది.

తిట్టడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. తెలుగువాళ్ళని ఒడియాలో తిట్టేది, ఒడియావాళ్ళని తెలుగులో తిట్టేది. కోపమూ తీరుతుంది, బేరమూ చెడదు. ఒకరోజు లాల్చీ వేసుకున్న ఒక ఒడియా పెద్దమనిషి బెండకాయల తోకలు వరసగా విరిచి చూస్తున్నాడు. ఆమె ఆయనకేసి చల్లగా నవ్వుతూ, "నీ సేతులిరిగిపోను, ఉన్నకాయలన్నీ ఇరిసీసినావు కాదేటి" అంది. ఆయన తాపీగా ఇంకో కాయ విరిచి, స్వచ్ఛమైన తెలుగులో, "ఇంకా విరగలేదు మావుసీ, బాగానే ఉన్నాయి" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె అంత నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

నాకు పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకి వంట సరిగా రాదు. మా అమ్మ అప్పటికే లేదు. మావుసి చెప్పిన కూరలన్నీ నేను బజారు నుంచి మోసుకొచ్చి ఇంట్లో అప్పజెప్పేవాణ్ణి. బీరతొక్కు పారెయ్యకూడదట, కందలో బచ్చలి ఇంత వెయ్యాలట, కాకరకాయ చేదు పిండకూడదట. కొన్నాళ్ళు విని మా ఆవిడ, "నాకు అత్తగారు లేరనుకుని ఈ ఇంటికొచ్చాను. పెద్దబజార్లో ఉన్నారని ఎవరూ చెప్పలేదే" అంది. ఆ మాట మావుసికి చెప్తే పొంగిపోయి, నాలుగు దొండకాయలు ఎక్కువ వేసింది.

నన్ను నువ్వు అనేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దదై ఉంటుంది. ఆ నువ్వులో ఎంత చనువు ఉందో అప్పుడు నాకు తెలియలేదు.

ఆమె బతుకు గురించి ఆమె చెప్పింది తక్కువ. మొగుడు పాము కరిచి పోయాడని, అప్పటికి కూతురు చంకలో ఉందని, గెడ్డ ఒడ్డున, అంటే వాగు ఒడ్డున, ముప్ఫై సెంట్ల ముక్క ఉందని, అంతే. అంత చిన్న ముక్కలో అన్ని రకాలు ఎలా పండిస్తావని అడిగితే, "పెద్ద నేలయితే దున్నాల. చిన్న నేలని ఏళ్ళతోనే కెలుక్కోవచ్చు" అంటూ నల్లటి గోళ్ళున్న వేళ్ళు చూపించింది.

అలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. కూతుర్ని రంభలో, బస్టాండు దగ్గర టీ హోటలు నడిపే పిల్లాడికిచ్చి చేసింది. నా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అప్పుడు మా ఊళ్ళో రైతుల బజారు కట్టారు.

పండించినవాళ్ళే నేరుగా అమ్ముకోవాలి, మధ్యలో దళారులు ఉండకూడదు అని దాన్ని పెట్టారు. రేకుల షెడ్లు, సిమెంటు అరుగులు, నీళ్ళ కుళాయి. మంచి పనే. రైతునని రుజువు చూపించినవాళ్ళకి గుర్తింపు కార్డు ఇస్తారు, కార్డున్నవాళ్ళకే అరుగు. పెద్దబజారు సందుల్లో రోడ్డు మీద కూర్చునేవాళ్ళని లేపేస్తారని కూడా చెప్పుకున్నారు. ఆ కార్డుల దరఖాస్తులు తీసుకునే బల్ల నాకు అప్పగించారు.

మూడో రోజునో నాలుగో రోజునో వరసలో ఆమె కనిపించింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, తల మీద కొంగు కప్పుకుని వచ్చింది. నన్ను చూడగానే నవ్వుతుందనుకున్నాను.

"నమస్కారం ఆగ్యా. కాయితాలు రాసీది మీరేనేటండి?" అంది.

ఆగ్యా అంటే ఒడియాలో అయ్యగారూ అని. నేను తెల్లబోయాను. "మావుసీ, నేనే. గుర్తుపట్టలేదా?"

"ఎందుకు పట్టను బాబూ. ఇది ఆపీసు కదా" అంది గొంతు తగ్గించి.

ఫారం తీసి పేరు, ఊరు రాశాను. పట్టా అడిగాను. లేదంది. నేల ఎవరి పేరున ఉందన్నాను.

"మా బావగోరి పేరుని. మా మావగోరు పోయినప్పుడు అన్నదమ్ములిద్దరికీ ఒకటే కాయితం. నా మొగుడు పోనాడు. గెడ్డ ఒడ్డు ముక్క ఒట్టి రాళ్ళని నాకొగ్గీసినారు. ఆ రాళ్ళు నానే ఏరుకున్నాను."

"అయితే సులువే. మా మరదలు సాగు చేసుకుంటోంది, మాకేమీ అభ్యంతరం లేదు అని మీ బావగారి చేత రాయించుకురా. ఒక్క సంతకం."

వెనక వరసలోవాళ్ళు తోసుకుంటున్నారు. ఆమె బల్ల మీదికి కాస్త వంగింది.

"అడగను బాబూ."

"ఏం, ఎందుకు?"

"ముప్పయ్యేళ్ళై ఆ గట్టు మీద ఆళ్ళకి ఇనబడీలాగ నవ్వనేదు నాను. అక్కడో మడి ఉందని, అది పండతందని ఆళ్ళకి గేపకం రాకండా సూసుకుంటన్నాను. అడగనంతకాలం అది నాది. అడిగినానంటే ఆళ్ళది."

నాకు నవ్వొచ్చింది. చదువుకోని మనిషి భయం అనుకున్నాను. "అలా భయపడితే ఎలా మావుసీ? ముప్ఫై ఏళ్ళు నువ్వు సాగు చేసిన నేల. సొంత బావగారు ఒక్క సంతకం పెట్టడా? రూలు ప్రకారం అది కావాల్సిందే. కార్డు లేకపోతే రేపు ఎక్కడ కూర్చుంటావు?" అన్నాను.

నా ముఖంలోకి చూసింది. "అయితే అడగమంటారా?"

"అడుగు" అన్నాను.

"సరే. మీరు సదువుకున్నోరు, మీకు తెలుస్తాది" అని వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజుల తర్వాత ఆ బావగారే వచ్చాడు. తెల్లటి పంచె, మర్యాదస్తుడు. వెంట కొడుకు. పట్టా తెచ్చాడు, పన్ను రసీదులు తెచ్చాడు, ఫొటోలు తెచ్చాడు. కార్డు కొడుకు పేరున కావాలన్నాడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. గెడ్డ ఒడ్డు ముక్క నంబరు అందులో చూసి, "ఇక్కడ మీ మరదలు పండిస్తోంది కదా" అన్నాను.

"మా ఇంటి ఆడమనిసేనండి. ఆడకూతురని ఇన్నాళ్ళూ ఊరికే ఇడిసిపెట్టినాం. బజారు పెడతన్నారని ఆవిడే ఒచ్చి సెప్పింది. మంచి పని సేసింది. నేకపోతే మాకు తెలిసీదే కాదు" అన్నాడు. అతని మాటలో దురుసుతనం లేదు. తన నేల తాను తీసుకుంటున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు.

నేను సీలు వేశాను. వెయ్యకుండా ఆపడానికి నా దగ్గర కారణం లేదు. లేదనే అనుకున్నాను.

ఇంకో రెండు వారాలకి కొడల నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కౌలుకి చేస్తాడు, పట్టా లేదు. సర్పంచ్ రాసిచ్చిన ఉత్తరం పెట్టాడు. చెల్లదన్నాను. "మీ సర్క్యులర్లోనే ఉంది సార్, రెండో పేజీ చూడండి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఫైలు తీసి అతనికి చూపిద్దామనే తెరిచాను. రెండో పేజీ చివర, ఒడియాలో రెండు వరసలు: పట్టా లేనివారు తామే సాగు చేస్తున్నట్టు గ్రామ సర్పంచ్ ధ్రువీకరిస్తే చాలును.

నేను మొదటి పేజీ చదివి, రెండో పేజీలో సంతకాలే ఉంటాయనుకుని బల్ల మీద కూర్చున్నాను. అంతే జరిగింది. లంచం లేదు, పగ లేదు. ఒక పేజీ తిప్పలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి ఆమె ఊరు వెళ్ళాను. ఎవరో గెడ్డ వైపు చెయ్యి చూపించారు. అంతకుముందు నేనెప్పుడూ ఆ మడి చూడలేదు. నేను చూసేసరికి అది మడిలా లేదు. అడ్డంగా, నిలువుగా ట్రాక్టరు తిరిగింది. పందిరి రాటలు ఒక పక్కకి లాగేసి ఉన్నాయి. వంగమొక్కలు వేళ్ళతో సహా లేచి, కాయలతోనే వాడిపోతున్నాయి. ఆమె ఆ చాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని, పడిపోయిన మొక్కల నుంచి కాయలు ఒక్కొక్కటే కోసి గంపలో వేస్తోంది. కోసేటప్పుడు రెండో చేత్తో మొక్కని పట్టుకుంటోంది, అది ఇంకా నిలబడి ఉన్నట్టు.

నన్ను చూసి లేచింది. "ఎండలో ఒచ్చినారేటి బాబూ, ఈ గట్టు మీద కూకోండి" అంది.

కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. రెండో పేజీ సంగతి, సర్పంచ్ ఉత్తరం చాలునన్న సంగతి, నేను చూడలేదన్న సంగతి. బావగారిని అడగక్కర్లేకపోయిందని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. తిడుతుందని, తిడితే నాకు బాగుంటుందని వెళ్ళానేమో.

ఆమె అంతా విన్నది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"మరి మీరు సదవనేదేటి?" అంది.

అందులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. చదువొచ్చినవాడు చదవకపోవడం ఎలా జరుగుతుందో ఆమెకు నిజంగా బోధపడలేదు. ఆమె కాసేపు ఎదురుచూసి, మళ్ళీ కూర్చుని కాయలు కోసుకుంది. నేను వెళ్ళేటప్పుడు మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను.

రైతుల బజారు మొదలైంది. ఆమె బావగారి కొడుక్కి లోపల అరుగు దొరికింది. అతను ఆ మడిలో యూకలిప్టస్ మొక్కలు నాటాడు. లోపల అమ్మేది పెద్దబజారు హోల్‌సేల్లో కొన్న కూరలు. అది అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కాగితాలు మాత్రం సక్రమం.

ఆమె గేటు బయట, మురుగుకాలవ పలక మీద కూర్చునేది. అక్కడికి కార్డు అక్కర్లేదు. పొలం గట్ల మీద, చేల అంచుల్లో, రైలు కట్ట పక్కన దానంతటది మొలిచే ఆకుకూరలు ఏరుకుని తెచ్చేది. పొన్నగంటి, తుమ్మికూర, చెంచలికూర, అటికమామిడి. ఎవరూ నాటనివి, ఎవరి పట్టాలోనూ లేనివి. ఏమి వండుతావని మాత్రం ఇప్పుడు ఎవర్నీ అడిగేది కాదు. ఎంత అడిగితే అంత ఇచ్చేసేది.

నేను ప్రతి శనివారం ఆమె దగ్గరే కొన్నాను. ఏ ఆకు ఇస్తే ఆ ఆకు తెచ్చుకున్నాను. నాతో బాగానే మాట్లాడేది. పిల్లల గురించి అడిగేది, మా ఆవిడ మోకాళ్ళ నొప్పులు అడిగేది. కానీ ఆఫీసులో మొదలైన ఆ మీరు బజారుకి కూడా వచ్చేసింది. "మళ్ళీ నువ్వు అనవా మావుసీ" అని అడుగుదామని ఎన్ని శనివారాలు అనుకున్నానో. అడగడానికి నాకు హక్కేముంది.

రిటైరయ్యేముందు ఒకసారి, భూమి లేని ఆడవాళ్ళకి ప్రభుత్వం కొంచెం నేల ఇస్తోందని విని, ఆమె పేరున దరఖాస్తు పూర్తిగా రాసి, అన్ని పేజీలూ రెండేసిసార్లు చదివి, వేలిముద్ర కోసం తీసుకెళ్ళాను. ఆమె కాగితం ముట్టుకోలేదు.

"ఒద్దు బాబూ. ఇంకేటీ రాయకండి. రాసినప్పుడల్లా ఏదోటి పోతంది" అంది. తర్వాత నా ముఖం చూసి జాలిపడిందేమో, "ఈ యేల తుమ్మికూర బాగుంది, పట్టికెల్లండి" అంది.

అలా ఎనిమిదేళ్ళు. ఆమె ఆ పలక మీద కూర్చున్నది ఎనిమిదేళ్ళు.

చనిపోయిందని విన్న మర్నాడు రంభ వెళ్ళాను. బస్టాండు దగ్గర టీ హోటలు కనుక్కోవడం కష్టం కాలేదు. కూతురికి నలభై దాటి ఉంటాయి. గట్టి మనిషి. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, నేనెవరో చెప్పగానే బెంచీ తుడిచింది.

"మీరేనా ఆపీసు బాబు? అమ్మ సెప్పీది. శనివారం తప్పకండా ఒస్తాడు, ఏ ఆకిచ్చినా ఇదేటి అనకండా అట్టుకెల్తాడు, శానా మంచోడు అని." కళ్ళు ఒత్తుకుంది. "జొరంలో కూడా ఊరుకునీది కాదండి. ఈ రంభ వంకాయలు వంకాయలేనేటి, నీళ్ళకాయలు అని మా ఆయన్ని తిట్టింది. తిన్నది రెండు ముద్దలు, తిట్టింది అరగంట."

నేను నవ్వబోయాను. రాలేదు.

"నేల పోయినకాడి నుంచీ మనిసి మనిసిలా నేదండి" అంది కూతురు. "మా పెదనాన్న అన్నేయం సేసినాడు. సావుకొస్తే గుమ్మం ఎక్కనియ్యనేదు నాను."

అప్పుడు చెప్పాను. ఆ మొగుడూపెళ్ళాల హోటల్లో, బస్సుల రొదలో, ఒక్కటీ దాచకుండా చెప్పాను. అడగనని ఆమె అన్నదీ, అడగమని నేనన్నదీ, రెండో పేజీ. మీ పెదనాన్నకి ఆ నేల గుర్తుచేసింది నేనే అన్నాను.

కూతురు చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎవరో టీ అడిగారు.

"ఇది అమ్మకి తెలుసా?" అంది చివరికి.

"తెలుసు. అప్పుడే చెప్పాను."

"ఎనిమిదేళ్ళై తెలుసు." తనలో తాను అనుకున్నట్టు అంది. "నా ఇంటికొచ్చినప్పుడల్లా రాతిరంతా కబుర్లు సెప్పీది. ఇది మాత్రం సెప్పనేదు."

నేను తలొంచుకున్నాను. ఆమె గుడ్డ భుజాన వేసుకుంది.

"అమ్మ నాకు సెప్పనేదంటే నాను ఇనకూడదనే కద బాబూ. ఆవిడ దాసిన మాట నాను తియ్యను. నాను ఇననేదనుకోండి" అంది. "ఎల్లిరండి. బరంపురం బస్సు కదిలిపోతంది."

నా మాట తిరిగి నా చేతిలోనే పెట్టేసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను బస్సెక్కి కూర్చున్నాను.